రెక్క కింద రసమట్టం: రెండు నెలల వాడకం తరువాత

పాత చిన్న విమానాల రెక్కలు సరిచూడటానికి నేను విజయనగరం గంటస్తంభం దగ్గరి పనిముట్ల దుకాణంలో 600 మిల్లీమీటర్ల డిజిటల్ రసమట్టం ఒకటి కొన్నాను. ఎగరడం మానేసి, విద్యార్థుల శిక్షణకు మిగిలిన సెస్నా 172 మీద రెండు నెలలుగా దాన్ని వాడుతున్నాము.

కొనేటప్పుడు మట్టాన్ని గచ్చు మీద పెట్టి అంకె చూసి, అదే గీత మీద కొస మార్చి మళ్లీ చూశాను. ఒకసారి 0.3, మరోసారి 0.5 డిగ్రీలు చూపింది. "అది పక్కన పెట్టండి మాస్టారూ, ఇంకొకటి తీస్తాను" అని దుకాణదారు విసుక్కోకుండా మూడు పెట్టెలు విప్పాడు. మూడవది రెండు వైపులా ఒకే అంకె చూపింది. ఈ పరీక్ష చేయనివ్వని చోట ఇలాంటి పరికరం కొనకండి.

సగం ధరకే అయస్కాంతం ఉన్న చిన్న చదరపు మట్టాలు దొరుకుతాయి గాని, అల్యూమినియం రేకుకు అయస్కాంతం అంటదు. పైగా అంత పొట్టి అడుగు రివెట్ల (రేకును బిగించే మేకుల) మధ్య రేకు ఉబ్బు మీద పడితే, రెక్క వాలు బదులు ఆ ఉబ్బు వాలునే కొలుస్తుంది. అందుకే కొసలు గుండ్రంగా అరగదీసిన రెండు వేర్వేరు పొడవుల బోల్టులను ఒక తిన్నని పట్టీకి బిగించి, దాన్ని రెక్క కింద ఆనించి, పట్టీకి మట్టాన్ని చేర్చి చదవాలి. రెక్క మొదలుకూ చివరకూ మధ్య 172లో ఉండవలసిన మెలిక, అంటే వాలులో తేడా, 3 డిగ్రీలు. బోల్టుల మధ్య దూరం 750 మిల్లీమీటర్లయితే 0.1 డిగ్రీ అంటే సుమారు 1.3 మిల్లీమీటర్లే కాబట్టి, బోల్టు కొస ఒక్క రివెట్ తల ఎక్కినా లెక్క తప్పుతుంది.

మా విద్యార్థులకు మొదట రెండు రెక్కల మొదళ్ల మధ్య 0.4 డిగ్రీల తేడా వచ్చింది. కుడివైపు బోల్టు కొస రివెట్ మీద ఉందని గమనించి, రెండు వైపులా ఒకే రివెట్ వరుస నుంచి కొలిచి స్థానాలు గుర్తుపెట్టి మూడేసిసార్లు చదివితే అసలు తేడా 0.2 అని తేలింది. వెనుక స్పార్ (రెక్క పొడవునా సాగే లోపలి దూలం) దగ్గర, తిప్పితే రెక్క వాలు మార్చే ఎసెంట్రిక్ బుష్‌లు (రంధ్రం మధ్యలో కాక పక్కకు ఉండే బిళ్లలు) రెండింటినీ కలిపి కొద్దిగా తిప్పాక అది 0.1కి దిగింది. ఎగిరే విమానం ఒకవైపు ఒరుగుతుంటే బుష్ జోలికి వెళ్లేముందు రెండు ట్యాంకుల ఇంధనం, రెక్క వెనుక అంచున కదిలే పలకలైన ఫ్లాపులు, ఏలరాన్లు చూడాలి. ఆ తరువాతి పని మాన్యువల్ ప్రకారం, లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకంతోనే జరగాలి.

లోపాలు రెండున్నాయి. కొద్ది నిమిషాలు కదపకపోతే మట్టం దానంతటదే ఆరిపోయి, మనం పెట్టుకున్న సున్నాను మరచిపోతుంది. కాబట్టి ప్రతి అంకెనూ వెంటనే కాగితం మీద రాసుకోవాలి. తలకిందులుగా పట్టుకుంటే అంకెలు తిరగవు, కింద నిలబడి చదవడం కష్టం. అయినా మళ్లీ కొనవలసివస్తే 600దే కొంటాను. 1200ది రెక్క కింద చేతులెత్తి కదలకుండా పట్టుకోవడానికి మరీ బరువు.