ఇగ్నో క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా: బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

కథలు, వ్యాసాలు రాయడం యూనివర్సిటీలో నేర్చుకోవాలనుకునే ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లు ముందు ఎం.ఏ. తెలుగు వైపు చూస్తారు. అక్కడే తప్పటడుగు. ఎం.ఏ. తెలుగులో ప్రాచీన కావ్యాలు, ఛందస్సు, వ్యాకరణం, భాషాశాస్త్రం, విమర్శ చెబుతారు. చదువరి తయారవుతాడు, టీచరు ఉద్యోగానికి దారి దొరుకుతుంది. కథలో రెండో సీను ఎందుకు నడవడం లేదో మాత్రం అక్కడ ఎవరూ చెప్పరు, అది వాళ్ల పనీ కాదు. సినిమా స్క్రిప్టు మీద మనసున్నవాళ్లు హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం దూరవిద్య నోటిఫికేషన్లు చూసుకోవచ్చు. 1985లో పెట్టిన, తర్వాత పొట్టి శ్రీరాములు పేరు తగిలించిన ఆ విశ్వవిద్యాలయం 2025 నుంచి సురవరం ప్రతాపరెడ్డి పేరుతో నడుస్తోంది, వెతికేటప్పుడు రెండు పేర్లూ కొట్టండి. ఇంటి దగ్గరుండి, ఉద్యోగం మానకుండా, కథ నుంచి రేడియో దాకా రాయడమే సబ్జెక్టుగా చదవాలంటే మిగిలేది ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్యలో ఇచ్చే క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా. చిక్కేమిటంటే అది ఇంగ్లిష్‌లో ఉంటుంది.

ఇంటర్ లేదా ప్లస్ టూ పాసైతే చాలు, కనీస కాలం ఏడాది. జనవరిలో, జూలైలో అడ్మిషన్లు. రచనకు సంబంధించిన సాధారణ సూత్రాలు మొదటి మెట్టు, తర్వాత ఫీచర్, కథ, కవిత్వం, రేడియో-టీవీ రచన. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఆ గంటల్లో సగం చదవడానికి, సగం రాయడానికి పెట్టుకోండి. చదివేసి రాయకుండా కూర్చున్నవాళ్లే మధ్యలో వదిలేస్తారు.

పాఠాల కోసమే అయితే డబ్బు కట్టనక్కర్లేదు. ఇగ్నో పాఠాలు పెట్టే వెబ్‌సైట్ ఈ-జ్ఞానకోశ్‌లో యూనిట్లవారీగా పీడీఎఫ్‌లు ఉచితంగా ఉన్నాయి. ఫీజు కట్టేది గడువు కోసం, అసైన్‌మెంట్ దిద్దించుకోవడం కోసం, చేతికొచ్చే కాగితం కోసం. ముందు కథ బ్లాక్ (కొన్ని యూనిట్ల కట్ట) దింపుకుని రెండు యూనిట్లు చదవండి. ఆ ఇంగ్లిష్ గొంతు దిగితే కట్టండి, లేకపోతే అక్కడితో ఆపేయండి.

పాఠాల నాణ్యత ఒక్కలా లేదు. ఫీచర్ భాగం గట్టిగా ఉంది, ఎందుకంటే విషయం ఎంచుకోవడం, కుదించడం, మొదటి పేరా కట్టడం అనే క్రమంలో చేయిస్తుంది. దాన్ని మన ఊరి సరుకుతోనే చేయండి. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠకురాణి యాత్ర మీద రాయమంటే అందరూ చరిత్రతో మొదలుపెట్టి మూడో పేరాకి అలిసిపోతారు. దానికి బదులు పులివేషం కట్టేవాడిని ఒక్కడిని పట్టుకోండి. ఒంటికి రంగు పూసేది ఎవరు, ఆరేదాకా ఎలా నిలబడతాడు, ఏం తింటాడు, తోక ఎక్కడ కట్టుకుంటాడు, రాత్రి ఆ రంగు దేంతో వదిలిస్తాడు? ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు దొరికితే 800 పదాల ఫీచర్ దానంతటదే నిలబడుతుంది, చరిత్రకి రెండు వాక్యాలు చాలు.

రేడియో భాగంలో ఒక జాగ్రత్త. ఇంగ్లిష్‌లో నిమిషానికి సుమారు 150 పదాల లెక్క వాడతారు. తెలుగు మాట పొడవైనది, విభక్తులు, క్రియా ప్రత్యయాలు అన్నీ ఒకే పదంలో అతుక్కుని ఉంటాయి, కాబట్టి ఆ లెక్కతో రాస్తే ప్రసంగం టైము దాటిపోతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీ గొంతుతోనే ఒక పేజీ చదివి మీ లెక్క కట్టుకోండి. కవిత్వం భాగం మనకి అంతగా ఉపయోగపడదు. ఇంగ్లిష్ ఛందస్సు మీద పెట్టే శ్రమ తెలుగు చెవికి అందదు.

అసైన్‌మెంట్లకి సాధారణంగా 30 శాతం, పరీక్షకి 70 శాతం. చేత్తోనే రాయాలి, ఏ4 రూళ్ల కాగితం, ఎడమ పక్క మార్జిన్. మొదటి పేజీ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్, తేదీ, సంతకం. ఇచ్చేముందు మొత్తం జెరాక్స్ తీయించి, ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి. మార్కులు ఎక్కకపోతే గ్రేడ్ కార్డులో ఆ కోర్సు పూర్తికానట్టే కనిపిస్తుంది, అప్పుడు ఆ రసీదొక్కటే ఆధారం. జూన్, డిసెంబర్ పరీక్షలకి ఫారం విడిగా నింపాలి. అడ్మిషన్ ఉంది కదా అని ఊరుకుంటే హాల్‌టికెట్ రాదు. గడువులు తరచూ పొడిగిస్తారు, ఆ ఆశ మీద మాత్రం ఉండకండి.

మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ పేరు దగ్గర. చాలామందికి ఒడిశా బోర్డు సర్టిఫికెట్లో ఇంటిపేరు చివర పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ముందు ఒక్క పొడి అక్షరం ఉంటుంది. ఈ తేడా సర్దుకున్నాకే దరఖాస్తు పెట్టండి. ఇక ప్రాంతీయ కేంద్రాలు కోరాపుట్‌లో, భువనేశ్వర్‌లో, అటు విశాఖపట్నంలో ఉన్నాయి. పర్లాకిమిడి వాళ్లు దరఖాస్తులో ఏది నొక్కాలో ముందే ఆలోచించుకోవాలి, సర్టిఫికెట్ పనికైనా ఫిర్యాదుకైనా తిరగాల్సింది అక్కడికే.

ఈ కోర్సులో అసలు లోటు నలుగురు కూర్చుని ఒకరి రాత ఒకరు చదివే వర్క్‌షాప్ లేకపోవడం. ఆ పద్ధతికి పేరొచ్చింది అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వల్ల. అక్కడ రైటర్స్ వర్క్‌షాప్ మొదలైంది 1936లో, పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన ఏడే. దూరవిద్య ఆ లోటు తీర్చలేదు గాని, బరంపురంలో ఐదుగురు దొరికితే మీరే నడుపుకోవచ్చు. 1200 పదాలు మించని రచన వారం ముందు అందరికీ చేరాలి. అందరూ పెన్సిల్‌తో అంచుల్లో రాసుకురావాలి. కూర్చున్నాక ఒక్కొక్కరు కథలో ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పాలి. ఐదుగురు ఐదు కథలు చెబితే లోపం ఎక్కడుందో రచయితకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఎక్కడ ఆసక్తి తగ్గిందో పేరా నంబరుతో చెప్పాలి. అంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. ఆఖరున రెండు ప్రశ్నలు మాత్రం అడగొచ్చు. ఒక్క రచనకి 40 నిమిషాలు, ‘బాగుంది’ అనే మాట నిషేధం.

ఇలాంటి కూటములు చెడేది అక్షరదోషాల దగ్గర. ఒడియా లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు. ఇ-ఈ రాతలో ఉన్నా పలుకులో ఒక్కటే. ఒడియా మీడియంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల రాతలో మేడ ఎక్కాల్సినవాడు మెడ ఎక్కి కూర్చుంటాడు. అందరూ నవ్వుతారు, గంట గడిచిపోతుంది, కథ సంగతి ఎవరూ ఎత్తరు. దోషాలు కాగితం మీద దిద్ది ఇచ్చేయండి, నోటితో చర్చించొద్దు. అలాగే ‘ఎల్తాను’, ‘ఒచ్చీసినాడు’ లాంటివి దోషాల లెక్కలో వేయకండి. సంభాషణలో అవే ప్రాణం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఉన్న ఈ ప్రాంతంలో ఈ మాట విడమరచి చెప్పాల్సి రావడం చిత్రమే.

అందుకే ఈ డిప్లొమాకి నేనిచ్చే మార్కులు ఐదుకి మూడు. ఇంగ్లిష్ తడబడకుండా చదవగలిగి, పత్రికలకో రేడియోకో రాయాలనుకునేవాళ్లకి నాలుగు ఇచ్చినా తప్పులేదు. తెలుగు కథే గమ్యమైతే ప్రతి అసైన్‌మెంట్‌నీ తెలుగులో కూడా, అనువాదంగా కాకుండా మళ్లీ మొదటి నుంచి రాసుకుంటేనే కట్టిన ఫీజు గిట్టుబాటు. ఆ తెలుగు ప్రతిని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లోనే కొట్టుకోండి. డీటీపీ షాపులో ఇస్తే యూనికోడ్ కాని అను ఫాంట్‌లో కొట్టి ప్రింటు చేతిలో పెడతారు. ఆ ఫైలు పత్రికకి మెయిల్ చేస్తే అవతల పిచ్చి గీతలే కనిపిస్తాయి, కాబట్టి డబ్బు ఇచ్చేముందే యూనికోడ్ ఫైలు అడగండి.