జేబులో పట్టే సీఓటూ మీటర్: వెళ్లాలా వద్దా అనే టెన్షన్ కొంత తగ్గింది

కరోనా లాక్‌డౌన్‌ల తర్వాత సినిమా హాళ్లు, జిమ్‌లు, హోటళ్లు అన్నీ తెరిచేశారు, లోపలికి వెళ్లొచ్చా లేదా అన్నది మాత్రం ఎవరికి వాళ్లే తేల్చుకోవాల్సి వచ్చింది, అందుకే ఈ కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొన్నాను. ముందే చెప్తున్నా, ఇది వైరస్‌ని కొలవదు. గదిలో పక్కవాళ్లు వదిలిన గాలి ఎంత పేరుకుందో చెప్తుంది, అంతే. కరోనా గాల్లో తేలే సన్నటి తుంపర్లతో కూడా పాకుతుంది కాబట్టి ఆ మాత్రం తెలిసినా మేలే.

ఆరుబయట 420 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాల్లో 420 పాళ్లు కార్బన్ డయాక్సైడ్) దగ్గర ఉంటుంది. ఒక హోటల్లో కిటికీ పక్కన కూర్చుంటే 650 చూపించింది, పర్లేదులే అనుకునేలోపు జనం నిండారు, ఏసీ వేసి కిటికీలు మూసేశారు, చూస్తుండగానే 1400 దాటింది, పార్సిల్ కట్టించుకుని బయటపడ్డాం. 800 లోపు ఉంటే గాలి బాగానే ఆడుతున్నట్టు లెక్క. "శానిటైజ్ చేశాం" అనే బోర్డు కన్నా నాకు ఈ అంకె మీదే గురి.

అలాగని దీన్నే నమ్ముకుంటే కష్టం. ఖాళీ హాల్లో అంకె తక్కువే ఉంటుంది, ఎదురుగా దగ్గేవాడు ఉంటే అదేం కాపాడదు. హెపా ఫిల్టర్ (గాల్లోని సన్నటి కణాల్ని పట్టేస్తుంది, వాయువుల్ని పట్టదు) తిరుగుతున్న గదిలో గాలి శుభ్రపడినా అంకె దిగదు. ఊళ్లో కేసులెలా ఉన్నాయి, ఇంట్లో పెద్దవాళ్లు టీకా వేయించుకున్నారా అన్నవి వేరే చూసుకోవాల్సిందే.

కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో నేరుగా కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచేది) ఉందో లేదో చూడండి. చవకరకాల్లో కొన్ని వేరే వాయువుల్ని బట్టి అంచనా వేస్తాయి, పక్కన శానిటైజర్ రాసుకుంటే చాలు, అంకె ఎగిరిపడుతుంది. నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది ఆపడానికి వీల్లేని ఆ బీప్ మోతకి.