రెండు ఊళ్ల ఓపెన్‌స్టాక్‌కి ఒకటే కీస్టోన్: రెండేళ్లు వాడాక

ఓపెన్‌స్టాక్ అంటే సొంత సర్వర్లతో క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్, రీజియన్ అంటే అందులో విడిగా నిలిచే ఒక సైట్. మాకు హైదరాబాద్ ఒక రీజియన్, ముంబై ఇంకోటి. నోవా (వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు), న్యూట్రాన్ (నెట్‌వర్క్), గ్లాన్స్ (ఇమేజ్‌లు), సిండర్ (డిస్క్‌లు) ఎక్కడివక్కడే. కీస్టోన్ (లాగిన్, అనుమతులు), హొరైజన్ (వెబ్ డ్యాష్‌బోర్డ్) మాత్రం హైదరాబాద్‌లోనే. కొల్లా-యాన్సిబుల్ అనే ఇన్‌స్టాలేషన్ టూల్‌తో వేసిన ఈ అమరిక యూజర్లకు హాయి, అడ్మిన్‌కి మొదటి నెల చుక్కలు.

యూజర్, ప్రాజెక్ట్, రోల్ ఒక్కసారి పెడితే రెండు చోట్లా చెల్లుతాయి. అప్లికేషన్ క్రెడెన్షియల్ (ప్రోగ్రామ్‌లు లాగిన్ కావడానికి ఇచ్చేది) కూడా అంతే. ఇమేజ్‌లు (వీఎంకి వాడే ఓఎస్ కాపీలు), ఫ్లేవర్లు (వీఎం సైజులు), కీపెయిర్లు (ఎస్‌ఎస్‌హెచ్ కీలు) మాత్రం కలవవు. "లాగిన్ ఒకటే కదా, మరి నా ఇమేజ్ ఏది?" అనే టికెట్లు వస్తూనే ఉంటాయి.

రెండో రీజియన్ గ్లోబల్స్ ఫైల్లో (కొల్లా సెట్టింగ్స్ ఉండేది) కీస్టోన్, హొరైజన్‌లకు 'నో' పెట్టి, కీస్టోన్ యూఆర్ఎల్‌ని మొదటి రీజియన్ వైపు తిప్పాలి. మొదటి దాని ఫైల్లో రెండు రీజియన్ల పేర్లూ రాయాలి. పాస్‌వర్డ్స్ ఫైల్ దగ్గరే చాలామంది జారిపడతారు. నోవా, న్యూట్రాన్ లాంటి సర్వీస్ యూజర్లు ఉండేది ఒకే కీస్టోన్‌లో కాబట్టి వాళ్ల కీస్టోన్ పాస్‌వర్డ్‌లు రెండు చోట్లా ఒకటే కావాలి. కొత్తగా జనరేట్ చేశారో, ఏదో ఒక రీజియన్ 401లు (లాగిన్ తిరస్కరణలు) కక్కుతుంది. డేటాబేస్, ర్యాబిట్ (సర్వీసుల మధ్య సందేశాల క్యూ) పాస్‌వర్డ్‌లు వేరైనా ఫర్వాలేదు.

అసలు మెలిక రీజియన్ పేరులో ఉంది. కేటలాగ్‌లో (కీస్టోన్ ఇచ్చే సర్వీస్ చిరునామాల జాబితా) ఇప్పుడు ప్లేస్‌మెంట్ (ఏ నోడ్‌లో ఎంత ఖాళీ ఉందో లెక్కపెట్టే సర్వీస్) ఎండ్‌పాయింట్లు, అంటే చిరునామాలు, రెండు రీజియన్లవీ ఉంటాయి. నోవా.కాన్ఫ్ (నోవా సెట్టింగ్స్ ఫైల్) ప్లేస్‌మెంట్ సెక్షన్లో రీజియన్ నేమ్ లేని కంప్యూట్ నోడ్ (వీఎంలు నడిచే సర్వర్) ముందు దొరికినదాన్ని పట్టుకుంటుంది. కొల్లా ఆ లైన్ తనే రాస్తుంది. చేత్తో చేర్చిన నోడ్లలోనే ఇది తప్పిపోతుంది. అప్పుడు ముంబై నోడ్ పోయి హైదరాబాద్ ప్లేస్‌మెంట్‌లో నమోదవుతుంది. ముంబైలో వీఎం అడిగితే ర్యామ్ బోలెడంత ఖాళీ ఉన్నా "నో వ్యాలిడ్ హోస్ట్". కంప్యూట్ సర్వీస్ లిస్ట్‌లో నోడ్ 'అప్' అనే చూపిస్తుంది, దాంతో అనుమానం షెడ్యూలర్ (వీఎంకి నోడ్‌ను ఎంచే సర్వీస్) ఫిల్టర్ల మీదకు మళ్లుతుంది. రెండు రీజియన్లలోనూ రిసోర్స్ ప్రొవైడర్ లిస్ట్ (ప్లేస్‌మెంట్‌లో నమోదైన నోడ్ల జాబితా) కొట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. సిండర్, న్యూట్రాన్ సెక్షన్లలోనూ రీజియన్ పేరు లైన్ చూసుకోవాలి. యూజర్ల ఆర్‌సీ ఫైల్లో (కమాండ్ లైన్ లాగిన్ వివరాలు ఉండేది) రీజియన్ పేరు లేకపోతే వీఎం వేరే ఊళ్లో లేవొచ్చు.

హైదరాబాద్ కీస్టోన్ పడితే? నడిచే వీఎంలకు ఏమీ కాదు, ఏపీఐలు మాత్రం రెండు ఊళ్లలోనూ ఆగుతాయి. అలాగని గెలేరాను (డేటాబేస్‌ను పలు నోడ్లలో ఒకేలా ఉంచే క్లస్టర్) రెండు సైట్లకూ సాగదీయడం నాకు నచ్చదు: ప్రతి కమిట్‌కీ ఊళ్ల మధ్య రౌండ్‌ట్రిప్, పైగా నోడ్లు సరిసమానంగా పంచి ఉంటే లింక్ తెగగానే కోరం (నడవడానికి కావాల్సిన మెజారిటీ) రెండు వైపులా పోతుంది. మూడో చోట ఆర్బిట్రేటర్ (ఓటు మాత్రమే వేసే నోడ్) లేకుండా ఆ పని పెట్టుకోకండి. ముంబైలో కీస్టోన్ డేటాబేస్‌కి అసింక్ రెప్లికా (కాస్త వెనకగా నడిచే కాపీ), ఫెర్నెట్ కీల (లాగిన్ అయ్యాక ఇచ్చే తాత్కాలిక పాస్ లాంటి టోకెన్లను తయారుచేసి సరిచూసే కీలు) తాజా కాపీ, ఐపీ బదులు డీఎన్ఎస్ పేరుతో ఆథ్ ఎండ్‌పాయింట్ ఉంటే చాలు.

ఫెర్నెట్ కీలు ఎన్ని ఉంచాలో లెక్క ఉంది: టోకెన్ గడువుకి గడువు తీరాక అనుమతించే సమయం కలిపి, రొటేషన్ (కీల మార్పిడి) వ్యవధితో భాగించి, పైకి పూర్ణసంఖ్య చేసి, 2 కలపాలి. గడువు 1 గంట, అనుమతి 48 గంటలు, రొటేషన్ రోజుకోసారి అయితే 5 కీలు. కీస్టోన్ డిఫాల్ట్ 3తో వదిలేస్తే ఇంకా చెల్లాల్సిన టోకెన్లు మధ్యలోనే చెల్లకుండా పోతాయి, పొడవైన బ్యాకప్ పనులు తెగేది ఇందుకే.

ఇంకొకటి, సర్వీసుల టోకెన్ క్యాష్ డిఫాల్ట్‌గా 300 సెకన్లు. కీస్టోన్‌లో యూజర్‌ని డిసేబుల్ చేసినా, పాత టోకెన్ దూరపు రీజియన్లో ఆ 5 నిమిషాలూ పనిచేయొచ్చు. ఉద్యోగి వెళ్లిపోయే రోజు చెక్‌లిస్ట్‌లో ఇది రాసి ఉండాలి.