లినక్స్ మింట్: ఇన్నేళ్ళు వాడాక నేను చెప్పేది టైమ్‌షిఫ్ట్ గురించే

విండోస్ బదులు వాడుకునే లినక్స్ సిస్టమ్‌లలో ఒకటైన లినక్స్ మింట్ గురించి ఎవరు రాసినా మెనూ విండోస్‌లాగే ఉంటుంది, పాత మెషీన్ మీద తేలిగ్గా నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు అనే రాస్తారు. అవన్నీ నిజమే, మళ్ళీ నేను చెప్పక్కర్లేదు. కొత్తగా లినక్స్‌కి వద్దామనుకుని ఉబుంటునా, మింటా, డెబియనా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ళకి నా మాట ఒక్కటే: మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది, అంటే సిస్టమ్ అప్పటికి ఎలా ఉందో స్నాప్‌షాట్‌గా దాచి, పాడైతే మళ్ళీ ఆ స్థితికే తీసుకెళ్ళే ప్రోగ్రాం. నాకైతే అదొక్కటే చాలింది. మిగతావాటిలోనూ దాన్ని వేసుకోవచ్చు, కాదనను. కానీ మింట్‌లో అది ముందే వేసి ఉంటుంది, సిస్టమ్ మొదటిసారి తెరవగానే వచ్చే వెల్‌కమ్ స్క్రీన్‌లోనే స్నాప్‌షాట్లు పెట్టుకోమని చెబుతుంది. అలాంటిదొకటి ఉంటుందనే తెలియని కొత్తవాళ్ళకి ఆ తేడా చాలా పెద్దది.

మాది విజయనగరం. ఇంటి దగ్గర టెన్త్ పిల్లలకి లెక్కలు, ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. 2022లో మింట్ 21 వచ్చాక పాత లాప్‌టాప్‌లో సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ వేశాను, తర్వాత అదే మెషీన్ మీద 22కి మారాను. స్లిప్ టెస్టు పేపర్లు, ఫీజుల లెక్కలు, నాన్న చూసే పాత పాటలు అన్నీ అందులోనే. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఆ మోడల్‌కి సరైన బ్యాటరీ ఇక్కడ దొరకడం లేదు. అంటే ప్లగ్‌లో ఉన్నంతసేపే అది లాప్‌టాప్, కరెంటు పోయిన క్షణంలో అదీ పోతుంది.

సిరిమాను పండగ రోజులవి, ఇంటినిండా చుట్టాలు. సాయంత్రం కాస్త ఖాళీ దొరికిందని అప్‌డేట్ మేనేజర్ తెరిచి పేరుకుపోయిన అప్‌డేట్లన్నీ ఒకేసారి పెట్టాను, అందులో సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్ కూడా ఉంది. డౌన్‌లోడ్ అయిపోయి ఇన్‌స్టాల్ సగంలో ఉండగా గాలివాన, ఆ వెంటనే కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైన్ ఫ్యాన్లకీ లైట్లకీ తప్ప ఈ ప్లగ్‌కి లేదు. రాత్రి కరెంటు వచ్చాక ఆన్ చేస్తే మింట్ గుర్తు కనబడింది, ఆ తర్వాత నల్ల తెర మీద చిన్న గీత ఒకటి మిణుకుమంటూ ఉండిపోయింది. ఎంతసేపు చూసినా అంతే. పక్కనుంచి నాన్న "ఏటమ్మా, కాగితాలన్నీ పోనాయేటి?" అని అడుగుతున్నారు. పొద్దున్నే పిల్లలకి టెస్టు, పేపరు అందులోనే ఉంది. నాకు మామూలు టెన్షన్ కాదు.

మళ్ళీ ఆన్ చేసి, సిస్టమ్ తెరుచుకోకముందే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నెల్‌తో తెరిచి చూశాను, అదే నల్ల తెర. రికవరీ మోడ్‌లో పాడైన ప్యాకేజీల్ని సరిచేసేది ఒకటి ఉంటుంది, చాలాసార్లు దానితోనే పని అయిపోతుందంటారు, నాకు మాత్రం ఎర్రర్ల మీద ఎర్రర్లు వచ్చాయి. ఫోన్‌లో వెతుకుదామంటే ఆ వానకి సిగ్నల్ కూడా సరిగ్గా లేదు. అప్పుడు బీరువాలోంచి మింట్ ఎక్కించి ఉంచుకున్న పెన్ డ్రైవ్ తీసి దానితో బూట్ చేశాను. ఆ పెన్ డ్రైవ్ నుంచి వచ్చే డెస్క్‌టాప్‌లోనూ టైమ్‌షిఫ్ట్ ఉంటుంది, తెరిచి లాప్‌టాప్ డిస్కు చూపిస్తే పాత స్నాప్‌షాట్లన్నీ తేదీలతో సహా వరసగా కనబడ్డాయి. ఆ రోజు పొద్దుటిది ఎంచుకుని రీస్టోర్ నొక్కాను. నెట్ అక్కర్లేదు, ఒక్క కమాండ్ కొట్టలేదు. భోజనాలయ్యేసరికి పని అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే పొద్దున ఎలా ఉందో అలాగే తెరుచుకుంది, పేపరు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. అప్‌డేట్లు మాత్రం మళ్ళీ లిస్టులోకి వచ్చి కూర్చున్నాయి, వాటిని ఇన్వర్టర్ లైన్ మీదికి మారాక పెట్టాను. నాన్నకి పేపరు తెరిచి చూపిస్తే గానీ ఆయన పడుకోలేదు.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి దాని హద్దులు కూడా చెప్పాలి. నా పేపరు నిలిచింది టైమ్‌షిఫ్ట్ దాన్ని దాచడం వల్ల కాదు, దాన్ని ముట్టుకోకపోవడం వల్ల. మామూలు సెట్టింగుల్లో అది సిస్టమ్ ఫైళ్ళనే దాస్తుంది, హోమ్ ఫోల్డర్‌లోని మన ఫైళ్ళ జోలికి రాదు. పొరపాటున ఫొటోలు డిలీట్ చేస్తే దానివల్ల తిరిగి రావు. స్నాప్‌షాట్లు అదే డిస్కు మీద ఉంటే డిస్కు పోయిన రోజు అవీ పోతాయి, అందుకే పేపర్లు, ఫీజుల లెక్కలు వేరే పెన్ డ్రైవ్‌లో పెడుతున్నాను. మొదటి స్నాప్‌షాట్‌కి బాగానే టైము పడుతుంది, ఆ తర్వాత మారిన ఫైళ్ళనే కొత్తగా కాపీ చేస్తుంది కాబట్టి త్వరగా అవుతుంది. కానీ ఎక్కువ ఉంచుకుంటే చోటు తినేస్తుంది. చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్ళు రెండు మూడు రోజులవి మాత్రం ఉంచుకుంటే మేలు. ఇంకోటి, వెల్‌కమ్ స్క్రీన్ చెబుతుంది గానీ దానంతటది ఆన్ అవదు, మనమే పెట్టుకోవాలి. ఆ స్క్రీన్ చదవకుండా మూసేస్తే నేను పైన రాసిందేదీ మీకు ఉండదు.

నిలకడ విషయానికొస్తే, మింట్‌ని ఉబుంటు ఎల్‌టీఎస్ మీద, అంటే ఎక్కువకాలం సపోర్టు ఉండే వెర్షన్ మీద కట్టారు. 22కి ఆధారం ఉబుంటు 24.04, అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. ఆరు నెలలకోసారి అంతా మారిపోతుందన్న బెంగ లేదు, అప్‌డేట్లు మనల్ని అడక్కుండా మెషీన్‌ని రీస్టార్ట్ చేయవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, నా లాప్‌టాప్‌లాంటి వాటికి 11 ఎక్కదు. కాబట్టి ఈ దారి నాకు ఇష్టమే కాదు, అవసరం కూడా.

అందరికీ ఇదే అనను. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు బాగానే ఉంది, యూనికోడ్‌లో రాసుకున్నంతవరకు ఇబ్బంది లేదు. డీటీపీ సెంటర్ నుంచి యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు వస్తే మాత్రం ఇందులో పిచ్చి అక్షరాలే, పీడీఎఫ్ పంపమని అడుగుతాను. నా పేపర్లు కూడా లిబ్రెఆఫీస్ నుంచి పీడీఎఫ్ చేసే జెరాక్స్ షాపుకి పంపుతాను, లేదంటే అక్కడ లైన్లు జరిగిపోతున్నాయి. రాజాంలో మా పెదనాన్నగారి అబ్బాయి షాపు లెక్కలన్నీ టాలీలో రాస్తాడు, డిజిటల్ సంతకం డాంగిల్ కూడా వాడతాడు. తనకి విండోస్ తీసేయమని నేను చెప్పలేదు. ఇంట్లో పిల్లల కోసం ఉన్న రెండో మెషీన్‌లో మింట్ వేసి, ఆ రోజే టైమ్‌షిఫ్ట్ పెట్టి, పెన్ డ్రైవ్ ఒకటి చేతికిచ్చి వచ్చాను.