పాత నెక్సాన్ ఈవీకి ఫ్యాన్ల సీటు: రెండు వేసవులు వాడాక

చలి దేశాల్లో పాత ఎలక్ట్రిక్ కార్లకు కొందరు వేడెక్కే స్టీరింగ్ బిగించుకుంటారు. కారంతా వెచ్చబెట్టే కంటే చేతుల్ని వెచ్చగా ఉంచితే బ్యాటరీ మిగులుతుందని. మన కోనసీమలో గొడవ వేరు. రోహిణి కార్తెలో అమలాపురంలో బయల్దేరితే కొత్తపేట చేరేలోపే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. అందుకే నా 2020 మోడల్ టాటా ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీకి డ్రైవర్ సీటు వరకు ఫ్యాన్లున్న కవర్ వేయించాను.

ముందే చెప్పేస్తా, ఏసీ లేకుండా ఇది దండగ. మన గాలిలోనే తేమ ఎక్కువ, ఆ గాలినే వీపుకి కొడితే చెమట ఎలా ఆరుతుంది? ఏసీ వేస్తే మాత్రం కథ మారిపోతుంది. ఫ్యాను సీటు ముందు అంచు కింద ఉండి అక్కడి గాలినే లాగుతుంది కాబట్టి, ఏసీని మొహానికీ కాళ్లకీ కలిపి వచ్చేలా పెట్టాలి. ఈ సంగతి షాపువాళ్లు చెప్పరు. అలా పెట్టిన దగ్గర్నుంచి 22లో నడిపే ఏసీ 26లో సరిపోతోంది. ఫ్యాను తినేది 12 వాట్లు, మండుటెండలో ఏసీ కంప్రెసర్ లాగేది వెయ్యి పైమాటే. అలాగని రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం, అమాంతం పెరిగిపోతుందనుకోకండి, రాజమండ్రి వెళ్లొస్తే తేడా కాస్త కనిపిస్తుందంతే. అసలు సుఖం వీపుదే.

వైరింగ్ దగ్గర జాగ్రత్త. మా ఎలక్ట్రీషియన్ "ఆ నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం నేను రానండి బాబూ" అన్నాడు. సరైన మాట, అవి హై వోల్టేజీవి. కీ ఆపగానే ఆగిపోయే 12 వోల్టుల ఫ్యూజు నుంచి లైను తీశాడు. నేరుగా 12 వోల్టుల చిన్న బ్యాటరీకి కలిపి ఫ్యాను ఆపడం మర్చిపోతే అది దిగిపోతుంది. అది దిగితే కారుని నడిపే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా కారు స్టార్ట్ కాదు. ఇంకోటి, నా కారులో ముందు రెండు ఎయిర్‌బ్యాగులే. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లకు ఇలాంటి కవర్ వేయకండి, అది తెరుచుకోవడానికి అడ్డం పడుతుంది.

విసుగు పుట్టించేవీ ఉన్నాయి. మూడో స్పీడులో హోరుకి ఫోన్ మాట వినపడదు. మొదటి వేసవి అయ్యేసరికి గాలి తగ్గింది. విప్పి చూస్తే జాలీకి కొబ్బరి పీచు నూగు మెత్తగా దిండులా పట్టేసి ఉంది. డిక్కీలో కాయలు వేసుకు తిరిగే కారు మరి. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే మళ్లీ మామూలే. వర్షాకాలంలో తడి బట్టలతో కూర్చుంటే లోపలి మెష్ ఆరక ముక్కిన వాసన వస్తుంది. దిగే ముందు పది నిమిషాలు ఫ్యాను తిప్పి ఉంచితే ఆ బాధ లేదు.

వెనక సీటుకీ వేయించమని మా ఆవిడ గొడవ. నా కారులో వెనక ఆ సీటు కిందకి ఏసీ గాలి వెళ్లే దారే లేదు, కాబట్టి వేయించను.