సిరిమాను అయ్యాకే హిమాలయం ఎక్కండి

మనిషికి 9,500 రూపాయలు, దాని మీద 5 శాతం జీఎస్టీ, వెరసి 9,975. డెహ్రాడూన్ నుంచి, నడక మొదలయ్యే సాంక్రీ ఊరికి జీపులో పోను రాను 2,400 వేరే. మంచు మీద జారకుండా బూట్లకి తొడిగే మైక్రోస్పైక్స్ అద్దె 300. మే రెండో వారంలో విజయనగరం నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠ శిఖరానికి వెళ్ళిన తొమ్మిది మంది దగ్గర ఒక ట్రెక్ నిర్వాహకుడు వసూలు చేసిన లెక్క ఇది. ముందు చూపించిన ఫొటోల్లో మోకాటి లోతు మంచు ఉంది. తీరా వెళ్తే గడ్డి, బురద, శిఖరం వెనక నీడపట్టున దుప్పటంత మేర మట్టి కలిసిన మంచు. స్పైక్స్ సంచీలోంచి తీసే పనే పడలేదు. మంచు చూడాలనే పెళ్ళైన ఏడాదికి బయల్దేరిన జంట రెండో రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ ఫొటోలు జనవరివి. కేదార్‌కాంఠ ఎత్తు 3,800 మీటర్లు. అక్కడ మంచు డిసెంబరులో నిలబడటం మొదలై ఏప్రిల్ సగానికి పలచబడిపోతుంది. అమ్మినవాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. మన బళ్ళకి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ 11 దాకా. మనకి ఖాళీ దొరికిన రోజుల్లో, కొండ ఎలా ఉన్నా సరే, బ్యాచ్ నింపేస్తున్నారు. కాబట్టి అడ్వాన్సు కట్టే ముందు రెండు అడగండి: పోయిన ఏడాది సరిగ్గా అదే వారంలో తీసిన వీడియో పంపమనండి, వాతావరణం వల్ల ఆపేస్తే ఎంత వెనక్కిస్తారో రాసి ఇమ్మనండి. నోటి మాట నమ్మొద్దు.

అసలు తప్పు మన దగ్గరే మొదలవుతోంది. సెలవులు ఎప్పుడో చూసుకుని, ఆ తర్వాత కొండ వెతుకుతున్నాం. ఉత్తరాంధ్ర వాళ్ళకి సెలవులు ప్రధానంగా మూడుసార్లు: వేసవి, దసరా, సంక్రాంతి. ఒక్కో సెలవుకి ఒక్కో కొండ కుదురుతుంది. ఆ జోడీ తప్పితే డబ్బూ పోతుంది, ఒళ్ళూ పాడవుతుంది.

వేసవి సంగతి. మే నెలలో గఢ్వాల్ (ఉత్తరాఖండ్ పడమటి భాగం) కొండల్లో పొద్దున ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటితే ఉరుములు, వడగళ్ళు. అందుకే ఆ నెలలో తెల్లవారుజామునే బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా గుడారం చేరాలి. 2024 జూన్ మొదట్లో ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ దారిలో ఇలాంటి గాలివానకే దారి తప్పి కర్ణాటక ట్రెక్కర్లు తొమ్మిది మంది చనిపోయారు. దీనికి తోడు చార్‌ధామ్ గుడులు తెరిచే రోజులు. రిషికేశ్ నుంచి పైకి బండ్లు బారులు తీరతాయి. డెహ్రాడూన్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జీలో ఇద్దరి గదికి మేలో 2,200 తీసుకున్నారు, బకెట్ వేడినీళ్ళకి మళ్ళీ 50. అక్టోబరు చివర్లో అదే గది 900. మే నెలే కుదురుతుందంటే సాంక్రీ మీదుగానే వెళ్ళే హర్ కీ దూన్ లోయకి వెళ్ళండి, మంచు మీద ఆశ లేకుండా. మనాలి పక్కన హంప్టా కనుమ (4,270 మీటర్లు) మామూలుగా జూన్ సగం దాకా తెరుచుకోదు. మేలో హంప్టా అని అమ్మితే కనుమ దాటించరు, మధ్య నుంచే వెనక్కి తిప్పుతారు.

జూలై, ఆగస్టుల్లో మనకి సెలవుల్లేవు, పోనీ సెలవు పెట్టుకుని వెళ్దామన్నా ఉత్తరాఖండ్‌లో కొండచరియలు విరిగిపడే కాలం. ఆ రెండు నెలల్లో వెళ్ళదగ్గ చోట్లు రెండే. ఒకటి ఉత్తరాఖండ్‌లోనే ఉన్న పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్): జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరిచి ఉంటుంది కానీ పూలు నిండుగా ఉండేది జూలై సగం నుంచి ఆగస్టు సగం దాకానే. బద్రీనాథ్ రోడ్డు మూసుకుపోయే అవకాశం ఉంది కాబట్టి తిరుగు టికెట్టుకి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. రెండోది లడఖ్. హిమాలయం రుతుపవనాలని అడ్డుకుంటుంది, అటుపక్క వాన పడేది తక్కువ. అయితే విమానం దిగేదే 3,500 మీటర్ల లేహ్‌లో. గాలి ఒత్తిడి మన తీరంలో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి.

ఇక దసరా. విజయనగరం వాళ్ళు పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడకుండా ఊరు కదలరు. దసరా తర్వాతి మంగళవారం సిరిమాను. అది అయిన మర్నాటి నుంచి నవంబరు సగం దాకా ఉన్న రోజులే తీరప్రాంతం వాళ్ళకి అన్నిటికన్నా మంచివి. రుతుపవనాలు ఉత్తరాఖండ్‌ని సెప్టెంబరు ఆఖరుకే వదిలేస్తాయి. వానకి గాలిలో దుమ్ము కడిగేసినట్టయి శిఖరాలు చాలా దూరం నుంచి కనిపిస్తాయి. దారి గట్టిపడుతుంది, వాగులు తగ్గుతాయి, జలగలు ఉండవు. చలి భరించలేనంత కాదు. లెక్క సులువు: ప్రతి వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీలు తగ్గించుకోండి. 640 మీటర్ల డెహ్రాడూన్‌లో రాత్రి 15 ఉంటే 3,800 మీటర్ల దగ్గర సుమారు మైనస్ 5. సిరిమాను అక్టోబరు 20 దాటి వచ్చిన ఏడాది హంప్టా ఆలోచన మానుకుని, హర్ కీ దూన్ గానీ డార్జిలింగ్ వైపున్న సందక్‌ఫూ (3,636 మీటర్లు) గానీ పెట్టుకోండి. శ్రీకాకుళం వాళ్ళకి సందక్‌ఫూయే దగ్గర: ఆమదాలవలసలో రైలెక్కితే హౌరా, అక్కడి నుంచి న్యూ జల్‌పాయ్‌గురి. అది సింగలీలా నేషనల్ పార్కులో ఉంది, ఏటా జూన్ 16 నుంచి సెప్టెంబరు 15 దాకా మూసేస్తారు. కాంచన్‌జంగ అక్టోబరు, నవంబరుల్లో చాలా స్పష్టంగా కనబడుతుంది.

ఈ కాలానికి పెద్ద ప్రమాదం ఒకటుంది, అది మన సముద్రంలోనే పుడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. తోటలు నేలకొరిగి, రోజుల తరబడి కరెంటు లేక ఎంత అవస్థ పడ్డామో ఇక్కడ అందరికీ గుర్తే. అదే తుఫాను బలహీనపడి ఉత్తరానికి పోయి, 14వ తేదీన నేపాల్‌లో 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ మీద మంచుగా కురిసింది. ట్రెక్కర్లు, గైడ్లు, పశువుల కాపరులు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. మన దగ్గర తీరం దాటిన రెండో రోజుకి అక్కడ కనుమ మూసుకుపోయిందన్న మాట. నేపాల్, సిక్కిం, డార్జిలింగ్ వైపు వెళ్ళేవాళ్ళు బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వింటే, అది ఎటు మళ్ళుతుందో తేలేదాకా కింది గుడారంలోనే ఆగాలి. గఢ్వాల్‌కి ఈ బెడద తక్కువే కానీ అసలు లేదనుకోకండి. 2021 అక్టోబరు 17 నుంచి 19 దాకా ఉత్తరాఖండ్‌లో కుండపోత కురిసినప్పుడు కూడా కొండ మీద ట్రెక్కర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

సంక్రాంతికి కేదార్‌కాంఠ బాగుంటుంది, ఆ ఫొటోల్లో ఉన్న మంచు అప్పుడు నిజంగానే ఉంటుంది. కాకపోతే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి వద్దంటాను. రాత్రి మైనస్ 10కి దిగుతుంది, చీకటి తొందరగా పడుతుంది. సీసాలో నీళ్ళు మూత దగ్గర ముందు గడ్డకడతాయి, తలకిందులుగా పెట్టుకుంటే పొద్దున తాగొచ్చు. ఫోను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోకపోతే ఛార్జింగ్ పడిపోతుంది.

చలికాలమైనా అక్టోబరైనా మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. చలికి భయపడి గుడారం జిప్పులన్నీ బిగించేస్తారు. రాత్రంతా వదిలిన ఊపిరి లోపలి గుడ్డకి అంటుకుని, తెల్లారేసరికి ఉప్పు చల్లినట్టు మంచు పొర కడుతుంది. ఎండ తగలగానే అది కరిగి స్లీపింగ్ బ్యాగు మీద చినుకుల్లా రాలుతుంది. తడిసిన బ్యాగు మర్నాటి రాత్రి చలి ఆపదు. పైన నాలుగు వేళ్ళ సందు వదిలిపెట్టండి. లోపల నూలు బనీను వేసుకోకండి, చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది.

ఏ కాలమైనా 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు. సెలవు చాలలేదని విశ్రాంతి రోజు తీసేసినవాళ్ళకే తలనొప్పి, వాంతులు. అవి మొదలైతే పైకి కాదు, కిందికి నడవాలి.

ఆ మే ప్రయాణంలో తొమ్మిది మందీ మెచ్చుకున్నది ఒక్కటే, సాంక్రీలో ఒక ఇంట్లో పెట్టిన భోజనం. మనిషికి 150. మండువా రొట్టె, గహత్ పప్పు. మండువా అంటే మన చోళ్ళు, గహత్ అంటే ఉలవలు. కట్టెల పొయ్యి మీద కాల్చిన చోడి రొట్టె మీద ఇంటి నెయ్యి వేసి, చిక్కటి ఉలవపప్పు పక్కన పోశారు. అప్పటిదాకా ముభావంగా ఉన్న ఆ కొత్త జంటలోని అమ్మాయి మూడో రొట్టె అడిగి వేయించుకుంది. ట్రెక్ గుడారాల్లో రోజూ పెట్టే నూడుల్స్ కన్నా వేయి రెట్లు నయం. సాంక్రీ చేరిన రాత్రి గుడారం భోజనం వద్దని చెప్పి ఊళ్ళో ఇంటి భోజనం అడగండి.

రైళ్ళ మాట. విజయనగరం నుంచి సమతా ఎక్స్‌ప్రెస్ నేరుగా ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్‌కి పోతుంది. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, మునుపటిలా 120 కాదు. ఉగాదికి పంచాంగం చేతికి రాగానే సిరిమాను మంగళవారం ఏ తేదీనో చూసి, గురువారం ప్రయాణం అని రాసుకోండి. టికెట్టు ఆగస్టులో తీసుకోవచ్చు.