ఇంటికి ఈవీ చార్జర్: యాప్‌ది మేలా, ఓసీపీపీది మేలా, ఏదీ లేనిది మేలా?

ముందే నా తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. ఒకే కారు, సోలార్ లేదు, రాత్రి ప్లగ్ పెడితే తెల్లారేసరికి నిండితే చాలు అనుకునేవాళ్లకి నెట్ అక్కర్లేని మామూలు వాల్‌బాక్స్ (గోడకి బిగించే చార్జింగ్ డబ్బా) మేలు. మేడమీద సోలార్ ఉన్నా, రెండు కార్లున్నా, కరెంటు రేటు గంటగంటకీ మారే చోట ఉన్నా ఓసీపీపీతో (బాక్స్‌కీ దాన్ని నడిపే సర్వర్‌కీ మధ్య ఉండే ఓపెన్ భాష) పాటు ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడే దారి కూడా ఉన్న బాక్స్ మేలు. కంపెనీ యాప్ తప్ప ఇంకే దారీ లేని బాక్స్ మాత్రం ఎంత అందంగా ఉన్నా, ఎంత తక్కువకి వచ్చినా నేనైతే కొనను.

ఇక కారణాలు. గోడకి బిగించేదాన్ని మనం చార్జర్ అంటున్నాం గానీ, ఏసీ కరెంటుని డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించే అసలు చార్జర్ కారు లోపలే ఉంటుంది. గోడమీది డబ్బా చేసేవి ప్రధానంగా రెండు పనులు: అంతా సవ్యంగా ఉందని చూసుకుని లైన్ కలపడం, ఎన్ని ఆంపియర్ల దాకా లాగొచ్చో కారుకి చెప్పడం. ఆ చెప్పే పద్ధతి ఐఈసీ 61851 అనే ప్రమాణంలో రాసి ఉంది. కేబుల్‌లో కంట్రోల్ పైలట్ అని ఒక సన్నని తీగ ఉంటుంది. దానిమీద బాక్స్ 1 కిలోహెర్ట్జ్ పల్స్ పంపిస్తుంది, ఆ పల్స్ ఎంత శాతం సేపు ఆన్‌లో ఉందో చూసి కారు తన హద్దు తెలుసుకుంటుంది. 10 శాతం అయితే 6 ఆంపియర్లు, 50 శాతం అయితే 30. కారు తన వైపు నుంచి ఆ తీగమీద వోల్టేజీని 12 నుంచి 9కి దించితే ప్లగ్ పెట్టారని, 6కి దించితే కరెంటు ఇమ్మని. అంతే సంగతి. ఇందులో ఇంటర్నెట్ లేదు, అకౌంట్ లేదు, ఓటీపీ అసలే లేదు. కనెక్టర్ సరిపోతే చాలు, అది టైప్ 1 అయినా, టైప్ 2 అయినా, టెస్లా నుంచి వచ్చి ఇప్పుడు ఎస్ఏఈ జే3400గా మారిన ఎన్ఏసీఎస్ అయినా, ఒక కంపెనీ కారు ఇంకో కంపెనీ బాక్స్‌తో చక్కగా చార్జ్ అవుతుంది.

అందుకే డబ్బామీద 'ఓపెన్ స్టాండర్డ్' అని కనబడగానే, ఎవరికీ ఎవరికీ మధ్య ఓపెన్ అని అడగాలి. కారుకీ బాక్స్‌కీ మధ్య భాష ఎప్పటినుంచో ఓపెనే, దాన్ని గొప్పగా చెప్పుకోవాల్సిన పనిలేదు. తాళం పడేది బాక్స్‌కీ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కీ మధ్య.

ఈ లెక్కన చూస్తే అన్నిటికన్నా ఓపెన్ బాక్స్ ఏ తెలివీ లేని మామూలు డబ్బానే, వినడానికి వింతగా ఉన్నా సరే. దానికి సర్వర్ లేదు కాబట్టి సర్వర్ మూతపడే భయం లేదు. రాత్రి చవక రేటు మొదలయ్యే టైముకి చార్జింగ్ మొదలవ్వాలంటే ఆ షెడ్యూల్ పెట్టుకునే వీలు చాలా కార్లలోనే ఉంది. 80 శాతం దగ్గర ఆపడం కూడా కారు చూసుకుంటుంది, నిజానికి ఆ పని కారే బాగా చేస్తుంది, ఎందుకంటే మామూలు ఏసీ చార్జింగ్‌లో బ్యాటరీ ఎంత నిండిందో ఈ పైలట్ తీగ బాక్స్‌కి చెప్పదు. ఎన్ని యూనిట్లు వెళ్లాయో తెలియాలంటే ఆ లైన్‌కి విడిగా ఒక సబ్‌మీటర్ పెట్టించుకోవచ్చు. లోపం ఎక్కడంటే, ఒకసారి ఎలక్ట్రీషియన్ లోపలి స్విచ్‌తో 16 ఆంపియర్లకో 32కో సెట్ చేశాక అది అక్కడే ఉండిపోతుంది. ఇంట్లో ఏసీ, గీజర్, ఓవెన్ ఒకేసారి నడుస్తున్నాయని తగ్గదు, ఎండ కాసిందని పెరగదు.

యాప్ బాక్స్‌కి రావలసిన మెప్పు ఇచ్చేద్దాం. అయిదు నిమిషాల్లో ఫోన్‌కి కలుస్తుంది, గ్రాఫులు బాగుంటాయి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఇబ్బంది లేకుండా వాడతారు, పాడైతే ఒకే నంబరుకి ఫోన్ చేస్తే సరిపోతుంది. చిక్కేమిటంటే మీరు యాప్‌లో నొక్కిన బటన్ చాలా బాక్సుల్లో నేరుగా గోడమీదికి రాదు, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి వెళ్లి అక్కడినుంచి తిరిగొస్తుంది. వాల్‌బాక్స్ పదేళ్ల పైబడి ఉండాల్సిన వస్తువు, సర్వర్ మాత్రం కంపెనీ నడిపినన్నాళ్లే. 2024 అక్టోబరులో ఎనెల్ ఎక్స్ వే అనే చార్జర్ల కంపెనీ తన ఉత్తర అమెరికా వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు జరిగింది ఇదే. ఇళ్లలోని దాని జ్యూస్‌బాక్స్ చార్జర్లు కారుని చార్జ్ చేయడం మానవు గానీ యాప్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ ఇక సపోర్టు ఉండదని చెప్పేసింది. అంటే స్మార్ట్ బాక్స్ అని ఎక్కువ పెట్టి కొన్నవాళ్లకి చివరికి మిగిలేది నేను పైన చెప్పిన మామూలు డబ్బా.

ఇప్పుడు ఓసీపీపీ దగ్గరికి వద్దాం, అసలు చర్చ ఇక్కడే. ఇది ఇళ్ల కోసం పుట్టింది కాదు. 2009లో నెదర్లాండ్స్‌లో ఈ-లాడ్ అనే ఫౌండేషన్ రోడ్డు పక్క చార్జింగ్ స్టేషన్లు పెట్టేటప్పుడు, ఒక తయారీదారు బాక్స్ కొన్నందుకు వాళ్ల సాఫ్ట్‌వేర్‌కే కట్టుబడిపోకూడదని మొదలుపెట్టిన పని. ఇప్పుడు దాన్ని ఓపెన్ చార్జ్ అలయన్స్ చూసుకుంటోంది. 1.6 వెర్షన్ 2015లో, 2.0.1 వెర్షన్ 2020లో, 2.1 వెర్షన్ 2025లో వచ్చాయి. పనిచేసే తీరు తేలిక. బాక్స్ తనకి ఇచ్చిన సర్వర్ అడ్రస్‌కి తానే వెళ్లి వెబ్‌సాకెట్ అనే రెండువైపులా మాట్లాడుకునే కనెక్షన్ తెరిచి, నేను ఫలానా మోడల్‌ని, లేచాను అంటుంది, మధ్యమధ్యలో బతికే ఉన్నానని చెబుతుంది, మీటర్ రీడింగులు పంపిస్తుంది. సర్వర్ ఏమో మొదలుపెట్టు, ఆపు, రాత్రి 11 దాకా 6 ఆంపియర్లు దాటకు, ఆ తర్వాత 32 అని చార్జింగ్ ప్రొఫైల్ పంపిస్తుంది.

బాక్సే సర్వర్ దగ్గరికి వెళ్తుంది కాబట్టి, ఆ అడ్రస్ ఎవరి చేతిలో ఉంటే బాక్స్ వాళ్లది. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: సర్వర్ అడ్రస్‌ని ఇంటి ఓనరు స్వయంగా మార్చుకోవచ్చా? కొన్నిటిలో బాక్స్‌కి ఉన్న సొంత వెబ్ పేజీలో ఒక గడి ఉంటుంది, అందులో టైప్ చేస్తే అయిపోతుంది, ఇది మంచి రకం. కొన్నిటిలో అది ఇన్‌స్టాలర్ లాగిన్ వెనక ఉంటుంది, లేదా కంపెనీ ఒప్పుకున్న సర్వర్ల జాబితాలోంచే ఎంచుకోవాలి, ఈ రకం కాగితం మీద మాత్రమే ఓపెన్. రెండో ప్రశ్న: అడ్రస్ మార్చాక కంపెనీ యాప్ పనిచేస్తుందా? మామూలుగా బాక్స్ ఒకసారి ఒక ఓసీపీపీ సర్వర్‌తోనే మాట్లాడుతుంది, కాబట్టి కంపెనీ యాప్ కూడా అదే దారిలో వస్తుంటే మీరు అడ్రస్ మార్చగానే దానికి బాక్స్ కనిపించడం మానేస్తుంది. ఫర్మ్‌వేర్ (బాక్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు యాప్ ద్వారానే వచ్చేట్టయితే అవీ ఆగిపోతాయి. ఫర్మ్‌వేర్ ఫైల్‌ని విడిగా దించుకుని ఎక్కించుకునే వీలుందేమో ముందే కనుక్కోండి.

మూడోది చాలామందికి తట్టదు. ఓసీపీపీ 1.6లో ఫీచర్లు ప్రొఫైళ్లుగా విడివిడిగా ఉంటాయి. 'కోర్' తప్పనిసరి. మనకి కావలసిన ఆంపియర్లు తగ్గించే పెంచే పని 'స్మార్ట్ చార్జింగ్' అనే ఇంకో ప్రొఫైల్‌లో ఉంది, అది ఐచ్ఛికం. అంటే ఒక బాక్స్ ఓసీపీపీ 1.6 ఉందని నిజాయితీగా రాసుకుంటూనే మీరు పంపిన కరెంటు పరిమితిని పట్టించుకోకపోవచ్చు, ఆన్ ఆఫ్ తప్ప ఏమీ చేయకపోవచ్చు. ఓపెన్ చార్జ్ అలయన్స్ సర్టిఫికెట్ ఉందా, ఉంటే దేనికి ఇచ్చారు అన్నది చూడాలి, ఉత్త 'కంపాటిబుల్' అనే మాటకి విలువ లేదు.

వెర్షన్ గురించి టెన్షన్ పడకండి. 1.6కీ 2.0.1కీ ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు, పాతది మాట్లాడే బాక్స్‌కి పాతది తెలిసిన సర్వర్ ఉండాలి. కానీ ఇంట్లో నడుపుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 1.6 బాగా పాతుకుపోయింది. జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీలో మొదలైన స్టీవ్ అనే ఓసీపీపీ సర్వర్ ఉంది, ఇంట్లోని స్మార్ట్ పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్‌కి జోడించుకునే ఓసీపీపీ ఇంటిగ్రేషన్ ఉంది, సోలార్‌తో చార్జింగ్‌కి ఈవీసీసీ ఉంది. కాబట్టి ఈరోజు బాగా నడిచే 1.6 బాక్స్‌కీ, త్వరలో అప్‌డేట్‌లో 2.0.1 ఇస్తామనే హామీకీ మధ్య నేను మొదటిదే తీసుకుంటాను. 2.0.1 నిజంగా మెరుగైంది భద్రత విషయంలో. 1.6లో అది పలచన, తర్వాత విడిగా ఒక పత్రం ద్వారా చేర్చారు. సర్వర్ ఇంట్లోనే ఉంటే దీనితో పెద్ద బాధ లేదు, బయటి సర్వర్‌కి కలిపితే మాత్రం అడ్రస్ మొదట్లో డబ్ల్యూఎస్ఎస్ (మాటల్ని రహస్యంగా పంపే కనెక్షన్ అని గుర్తు) ఉండాలి, ఉత్త డబ్ల్యూఎస్ అయితే పాస్‌వర్డ్ సహా అంతా బట్టబయలే.

ఇంత చెప్పాక ఓసీపీపీ ఒక్కటే చాలదని ఎందుకంటున్నానంటే, సోలార్. మేఘం వస్తే ప్యానెళ్ల ఉత్పత్తి క్షణాల్లో పడిపోతుంది, కారు లాగే కరెంటు కూడా అంత వేగంగా తగ్గాలి. ఓసీపీపీ స్టేషన్ల నిర్వహణకి పుట్టిన భాష, చాలా బాక్సులు మీటర్ రీడింగుని నిమిషానికోసారి పంపే సెట్టింగ్‌తో వస్తాయి, దాన్ని తగ్గించుకోవచ్చు గానీ అన్నీ సరిగ్గా వినవు. అదే మోడ్‌బస్ టీసీపీ గానీ, ఎంక్యూటీటీ గానీ, పత్రాలతో సహా బయటపెట్టిన మామూలు హెచ్‌టీటీపీ ఏపీఐ గానీ (మూడూ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులే) ఉన్న బాక్స్‌ని ఇంటి నెట్‌వర్క్ లోపలే కొన్ని సెకన్లకోసారి అడగొచ్చు, చెప్పొచ్చు, బయట ఇంటర్నెట్ పోయినా ఆగదు. ఓపెన్‌ఈవీఎస్ఈ లాంటిదైతే హార్డ్‌వేర్ డిజైన్, ఫర్మ్‌వేర్ రెండూ బహిరంగమే, ఎంక్యూటీటీ, ఓసీపీపీ రెండూ వచ్చు, కాకపోతే ఓపిగ్గా మాన్యువల్ చదివే అలవాటు ఉన్నవాళ్లకే దాన్ని సిఫార్సు చేస్తాను. ఇంకో సంగతి, ప్రమాణం ప్రకారం 6 ఆంపియర్లకి కిందికి దిగడం కుదరదు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌లో అది దాదాపు 1.4 కిలోవాట్లు, త్రీ ఫేజ్‌లో దాదాపు 4.1. చిన్న సోలార్ సిస్టమ్ ఉన్నవాళ్లు త్రీ ఫేజ్ బాక్స్ కొని, ఎండ 3 కిలోవాట్లే ఇస్తుంటే చార్జింగ్ మొదలే కావట్లేదని తలపట్టుకోవడం ఇందుకే. ఫేజుల మధ్య తనంతట తాను మారగల బాక్స్ అయితే ఈ గొడవ ఉండదు.

లోడ్ బ్యాలెన్సింగ్ (ఇంటి మొత్తం వాడకం హద్దు దాటకుండా చార్జింగ్‌ని తగ్గించడం) విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి, అది క్లౌడ్ మీద ఆధారపడకూడదు. మెయిన్ దగ్గర కరెంటు కొలిచే క్లాంప్‌కీ బాక్స్‌కీ నేరుగా వైరు ఉండాలి, ఆ సంబంధం తెగితే బాక్స్ తనంతట తాను తక్కువ ఆంపియర్లకి దిగిపోవాలి. రెండు కార్లు ఒకే లైన్ పంచుకునే చోట కూడా ఇదే మాట.

ఓసీపీపీ దారి పట్టినవాళ్లకి ఉన్న అసలు బరువు ఏమిటంటే, సర్వర్ మీదే కాబట్టి దాని జబ్బులూ మీవే. సర్వర్ నడిపే రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మెమరీ కార్డు అర్ధరాత్రి పోతే పొద్దున కారు ఖాళీగా ఉంటుందా? సర్వర్ అందకపోయినా అనుమతి అడగకుండా చార్జింగ్ మొదలుపెట్టే సెట్టింగ్ మంచి బాక్సుల్లో ఉంటుంది. బిగించిన రోజే రౌటర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి మళ్లీ పెట్టి చూడండి. మొదలవకపోతే ఆ సెట్టింగ్ వెతకండి, దొరకకపోతే వాపసు గడువు లోపలే తిరిగిచ్చేయండి. ఇంట్లో మిగతావాళ్లకి ప్లగ్ పెట్టడం తప్ప ఇంకేమీ తెలియాల్సిన అవసరం రాకూడదు.

ప్రకటనల్లో కనిపించే 'ఐఎస్ఓ 15118 రెడీ' (కారూ చార్జింగ్ డబ్బా డిజిటల్‌గా మాట్లాడుకునే ప్రమాణం) అన్న మాటకి అదనంగా డబ్బు పెట్టొద్దు. ప్లగ్ పెట్టగానే కారే తన గుర్తింపు చెప్పుకునే సదుపాయం బయటి స్టేషన్లలో పనికొస్తుంది, సొంత ఇంట్లో కారు ఎవరిదో బాక్స్ అడిగి తెలుసుకోవాల్సిన పనేముంది. కారు నుంచి ఇంటికి కరెంటు తిరిగి ఇచ్చే ముచ్చట 2022లో వచ్చిన 15118-20లో ఉంది, దానికి మీ కారూ బాక్సూ రెండూ నిజంగా సిద్ధంగా ఉండాలి, 'రెడీ' అంటే తరచుగా లోపల చిప్ ఉందనే అర్థం. 22 కిలోవాట్ల బాక్స్ కూడా అంతే, కారు లోపలి చార్జర్ 7 దగ్గరో 11 దగ్గరో ఆగిపోతే మిగతాదంతా గోడకి అలంకారం.

భద్రతకీ ఓపెన్‌కీ సంబంధం లేదు గానీ ఒక్కటి అడగండి: 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీని పసిగట్టే ఏర్పాటు బాక్స్ లోపలే ఉందా అని. ఉంటే మామూలుగా టైప్ ఏ ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్) సరిపోతుంది, లేకపోతే ఖరీదైన టైప్ బీ పెట్టాలి. రెండు బాక్సుల ధరలు పోల్చేటప్పుడు ఈ ఖర్చు కలపకపోతే చవకది చవక కాదని బిగించేరోజు తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి మాత్రం లెక్క ఇంకా స్పష్టం. యాప్ బాక్స్ అయితే పాత ఓనరు తన అకౌంట్ నుంచి దాన్ని తీసేశాడో లేదో మీ కళ్లముందే చూపించమనండి, లేకపోతే అది కొత్తవాళ్ల ఫోన్‌కి చేరదు. ఓసీపీపీ బాక్స్ అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగి తీసుకుని, ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, సర్వర్ అడ్రస్ గడి తెరుచుకుంటుందో లేదో చూశాకే డబ్బులివ్వండి.